ఎండాకాలపు అంకెలు

ఆమధ్య ఆరాంఘర్ దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగిందని తెలిసి, అత్తాపూర్ నుంచి హిమాయత్‌సాగర్ మీదుగా కాలేజీకి బయల్దేరాను. కొత్వాల్‌గూడలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద తెలిసిన ముఖం కనిపించింది. మా వైపు మనిషి ఫ్లెక్సీ ఎక్కాలంటే పుట్టినరోజైనా రావాలి, పదవైనా రావాలి, ప్రాణమైనా పోవాలి. ఆయన మొదటి రెంటికీ పనికొచ్చే మనిషి కాదు. అందుకని అక్షరాలు చదవకముందే సంగతి తెలిసిపోయింది.

ఫోటోలో ఆయన మా కాలేజీ గేటు యూనిఫాంలో ఉన్నాడు. నీలం చొక్కా, తలకన్నా ఒక సైజు పెద్ద టోపీ. ఐడీ కార్డు కోసం తీసిన ఫోటో అది. దాన్నే పెద్దది చేసి, వెనకాల మబ్బులు అతికించారు. అరవై ఏళ్లు దాటి బతికిన మనిషికి ఇంట్లో దొరికిన మంచి ఫోటో అదొక్కటే కాబోలు. ఆ యూనిఫాం ఆయన కోరి తొడుక్కున్నది కాదు. తొడిగించింది నేను. ఈ సంగతి ఫ్లెక్సీ వేయించినవాళ్లకు తెలియదు. నా వెనక కారువాడికీ తెలియదు. తెలిస్తే అంతసేపు హారన్ కొట్టేవాడు కాదేమో.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దానికో కారణముంది, తర్వాత వస్తుంది. కాలేజీలో అందరం 'పెద్దాయనా' అనేవాళ్లం.

నేను శంషాబాద్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ మాస్టారు పెళ్లిలో సన్నాయి లాంటివాడు. లేకపోతే బాగుండదు, ఉంటే ఎవరూ వినరు. ఏడెనిమిదేళ్ల కిందట ఒక ప్రాజెక్టు కింద మా మేడ మీద ఓ యంత్రం పెట్టారు. బోర్లించిన పాలగిన్నె లాంటి యాంటెన్నా, పక్కనే చిన్న గదిలో ఒక పెట్టె, ఒక కంప్యూటరు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను ఆ గిన్నె పడుతుంది. అవి దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లను దాటుకుని వచ్చాయో పెట్టె లెక్కగట్టి, తెర మీద ఒక అంకె చూపిస్తుంది.

దీని వెనకున్న సంగతి ఇంతే. నేలకు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున గాలి ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆ కాస్త గాలి నుంచి ఎండ ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఊడినవి కాసేపు తిరిగి, మళ్లీ ఎక్కడో అతుక్కుంటాయి. పైన అవి ఎంత దట్టంగా ఉంటే, కింద మన ఫోనులో దారి చూపించే బాణం అంత తడబడుతుంది. విమానాలకు అలాంటి తడబాటు అసలే పనికిరాదు. అందుకని కొలవడం.

గంటగంటకూ మేడెక్కి, తెర మీది అంకెనూ, బయట నీడన వేలాడదీసిన థర్మామీటరు అంకెనూ ఒక పుస్తకంలో రాయాలి. కంప్యూటరు ఎలాగూ దాచుకుంటుంది. అయినా ప్రాజెక్టు ఇచ్చినవాళ్లకు మా కరెంటు మీద నమ్మకం తక్కువ. నాలుగంతస్తులు, రోజుకు పదిసార్లు. దీనికి కాలేజీవాళ్లు నన్ను బాధ్యుణ్ని చేశారు. నేను అటెండరు పెద్దాయనను బాధ్యుణ్ని చేశాను. కాలేజీల్లో పరిశోధన ఇలాగే కిందికి పారుతుంది.

మొదటిరోజు ఆయన తెర ముందు నిలబడి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని అడిగాడు. "ఏంది సార్ ఇది? ఎందుకు రాయాలె?"

ఎలక్ట్రాన్ల గురించి చెప్పే ఓపిక లేక, "ఈ అంకె సరిగ్గా ఉంటేనే విమానం సరిగ్గా దిగుతుంది పెద్దాయనా," అన్నాను.

అప్పుడే ఒకటి దిగుతోంది. అది చెట్ల అవతలికి వాలేదాకా ఆయన కిటికీలోంచి చూశాడు. "గవి దిగే కాడ మా కంది చేనుండె సార్," అన్నాడు. "మంచిగ దిగాలె."

నేను చెప్పింది అబద్ధం కాదు, అతిశయోక్తి. ఏ పైలెట్టూ మా మేడ మీది పుస్తకం చూసి చక్రాలు దించడు. మా కాలేజీ ఒకటుందనే వాళ్లకు తెలియదు. ఆ మాటకొస్తే శంషాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఆయన మాత్రం నమ్మాడు. పని బాగా జరుగుతోంది గదా అని ఆ నమ్మకాన్ని నేను అలాగే ఉండనిచ్చాను.

పని నిజంగానే బాగా జరిగింది. గది బయట చెప్పులు విడిచేవాడు. విడవమని ఎవరూ చెప్పలేదు. తెర మీది అంకెను పైకి రెండుసార్లు అనుకుని, అప్పుడు రాసేవాడు. రాసి, మళ్లీ తెర వంక చూసి తల ఊపేవాడు, కొట్టువాడికి చిల్లర సరిపోయిందని చెప్పినట్టు. థర్మామీటరు దగ్గరికి ఊపిరి బిగబట్టి వెళ్లేవాడు. మొదటిసారి చూసి, ఏదో నొప్పి వచ్చిందనుకుని కంగారుపడ్డాను. ఆయన చెయ్యి అడ్డం ఊపి, అంకె చూసుకుని, నాలుగడుగులు వెనక్కి వచ్చాక ఊపిరి వదిలాడు. "మన ఊపిరి తాకితె పెరుగుతది సార్. మన వేడి మనది, దాని వేడి దానిది."

ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పటిలాగే ఐదు నిమిషాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంది. సాయంత్రం పుస్తకం చూస్తే ఆ రెండు గంటల ఎదురుగా రెండు చిన్న గీతలున్నాయి.

"ఖాళీ వదిలేశారేం పెద్దాయనా?"

"కరెంటు లేకుండె సార్. నేను సూడలే."

"అయితే సున్న వేయాల్సింది."

ఆయన నా వంక కొంచెం జాలిగా చూశాడు. "సున్న అంటె అవి లేవని గద సార్. అవున్నయో లేవో నాకేమెర్క? నేను సూడలే. సూడంది గీత. సున్న ఏస్తె అబద్ధమైతది."

"పోనీ, పై అంకెనూ కింది అంకెనూ చూసి మధ్యరకంగా ఒకటి వేసేయండి. ఎవరు చూడొచ్చారు?"

"ఎవ్వరు సూడరనే గద సార్ పరేషాన్. ఇమానంల కూసున్నోనికి నేను సూసి ఏసిన్నో, సూడక ఏసిన్నో ఎట్ల తెలుస్తది?"

సున్నకూ గీతకూ ఉన్న తేడా నేను యూనివర్సిటీలో రెండేళ్లు కష్టపడి చదువుకున్నాను. ఆయన ఏడో తరగతితో సరిపెట్టినవాడు.

ఆ చలికాలంలో ఒక రోజు ఆయన స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. అంటే ఏదో చెప్పాలని.

"సార్, ఒక ముచ్చట. ఎండకాలం పగటీలి తక్కువుండె. ఇప్పుడు ఎక్కువున్నయ్."

"ఏవి?"

"గవే సార్, ఎలక్ట్రాన్లు. దసరకైతె ఇంక దండిగుండె."

"తిరగేసి చెబుతున్నారు. ఊడగొట్టేది ఎండ. ఎండ ముదిరితే ఎక్కువుండాలి."

"నేను గూడ గట్లనే అనుకున్న సార్. తెర గట్ల జెప్తలేదు."

నవ్వు ఆపుకుని, "ఎందుకుంటుందంటారు అలా?" అని అడిగాను. అడిగిన ఉద్దేశం తెలుసుకోవాలని కాదు.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "చలికి అందరు మంట కాడ దగ్గర దగ్గర కూసుంటరు గద సార్. ఎండకైతె ఎవ్వని చెట్టు కిందికి ఆడు వోతడు. గవి గూడ గంతేనేమో."

నేను ఇలాంటివి వృథా చేసే మనిషిని కాదు. ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో ఈ ముచ్చట ప్రదర్శించాను. కాగితం రుమాలుతో చేతులు తుడుచుకోవడం, ఊపిరి బిగబట్టడం, అంకెను రెండుసార్లు అనుకోవడం, అన్నీ. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ని. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, ఈ ఊరి మాట నా నోట్లోకి ఏనాడూ రాలేదు. వెక్కిరించడానికి మాత్రం చక్కగా వచ్చింది. 'ఎవ్వని చెట్టు కిందికి ఆడు వోతడు' అన్నచోట కెమిస్ట్రీ మాస్టారికి పొలమారింది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు మా కాలేజీలో లేదు.

నవ్వులన్నీ ఒక్కసారి ఆగాయి. వెనక్కి తిరిగితే పెద్దాయన టీ కప్పుల ట్రేతో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచో తెలియదు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. "సార్ మంచిగ జేస్తడు," అని, కప్పులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. నా కప్పు నా ముందు పెట్టేటప్పుడు సాసర్‌లో ఒలికిన చుక్కను తువ్వాలు కొసతో తుడిచాడు.

నేను ఆ టీ తాగాను. వారం తిరిగేసరికి పిల్లలు ఆయన్ని 'ఎలక్ట్రాన్ తాత' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు పెట్టింది నేను కాదు. నేను సామగ్రి మాత్రమే సరఫరా చేశాను.

ఆ తర్వాత ప్రాజెక్టు నివేదిక గడువు దగ్గరపడింది. కంప్యూటరు తెరిస్తే, దానిలోని డిస్కు వేసవిలోనే చెడిపోయి ఉంది. తెర మీద అంకెలు కనిపిస్తున్నాయి గానీ లోపల ఏదీ నిలవలేదు. ఆ ఏడాదికి ఆధారం పెద్దాయన పుస్తకం ఒక్కటే. కూర్చుని ఆ అంకెలన్నీ ఎక్కించి గ్రాఫు గీశాను. వేడి గీత వేసవిలో పైకి లేచింది. ఎలక్ట్రాన్ల గీత అదే వేసవిలో కిందికి వంగింది.

ఆయన చెప్పిన ముచ్చట అప్పుడు గుర్తు రావాలి. వచ్చింది కూడా, నవ్వుగా. నాకు తోచిన వివరణ వేరు. నలభై డిగ్రీల ఎండలో నాలుగంతస్తులు ఎక్కలేక, మెట్ల కింద చల్లగా కూర్చుని ఏవో చిన్న అంకెలు వేసి ఉంటాడు. కరెంటు లేని గంటకు గీత పెట్టిన మనిషి గురించి, థర్మామీటరు ముందు ఊపిరి బిగబట్టిన మనిషి గురించి, నేను ఇలా అనుకోగలిగాను. అలా అనుకోకపోతే పుస్తకాలు తెరిచి చదవాల్సి వచ్చేది.

వేసవి అంకెలన్నిటినీ కొంత కొంత పెంచాను. చేస్తున్నప్పుడు దాన్ని 'సవరణ' అనుకున్నాను. గీత అందంగా లేచింది. పరిశీలకుడి పేరు అన్నచోట నా పేరు రాసుకున్నాను.

నివేదిక పరీక్షించడానికి ప్రాజెక్టు వాళ్ల తరఫున ఒక పెద్దావిడ వేరే ఊరి నుంచి వచ్చారు. ఈ విషయంలోనే జుట్టు నెరిసిన మనిషి. మా విభాగాధిపతి మేడమ్ గదిలో, మేం ముగ్గురం. ఆవిడ కాగితాలు తిప్పుతూ వేసవి గ్రాఫు దగ్గర ఆగారు.

"ఈ అంకెలు ఎక్కడివండీ?"

"కొలిచినవేనండీ."

"ప్రకృతి ఇంత పొందికగా గీయదే!" అని కళ్లద్దాలు తీసి, పాఠం చెప్పినట్టు కాకుండా మామూలుగానే చెప్పారు. "వేసవిలో పైన గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ వేడి వేరు లెండి, మన థర్మామీటరుకు అందేది కాదు. ఉబ్బినప్పుడు కిందుండాల్సిన బరువైన అణువులు పైకొస్తాయి. ఎలక్ట్రాన్లు కరిగిపోయేది వాటివల్లే. వేడికి ఆ కరగడం ఇంకా జోరందుకుంటుంది. పంట పెరిగిన మాట నిజమే, తినే నోళ్లు అంతకన్నా పెరుగుతాయి. అందుకని పగటిపూట చలికాలంలోనే ఎక్కువ కనిపించడం మామూలు. అన్నేళ్లూ ఒకేలా ఉండదు, సూర్యుడి హుషారును బట్టి మారుతుంది. కానీ ఇదేం కొత్త సంగతి కాదు. పాత పుస్తకాల్లోనే ఉంది."

చెట్టు కింద కూర్చోవడం తప్ప మిగతాదంతా పెద్దాయన చెప్పిందే.

మేడమ్ నా వంక చూశారు. 'నేనే మార్చానండీ.' రెండు మాటలు. నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. బయటికి వచ్చినవి వేరు. "పుస్తకం రాసేది మా అటెండరండీ. పెద్దగా చదువుకున్నవాడు కాదు."

రెండూ నిజాలే. నిజాలతో అబద్ధం చెప్పడానికి కాస్త చదువు కావాలి.

పెద్దాయన అప్పుడే టీ తెచ్చాడు. మేడమ్ ఆ కాగితం ఆయనకు చూపించి, "ఈ ఎండాకాలం అంకెలు మీరు రాసినవేనా?" అని అడిగారు. ఆయన ట్రే దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కాగితం అందుకున్నాడు. వేలితో ఒక్కొక్క అంకె మీదుగా కిందికి వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. నా వంక చూడలేదు.

"ఇవి నావి గావు మేడమ్," అన్నాడు. "నా బుక్కు మీదున్నది. తెస్త. జర ఆగుండ్రి."

ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. నాలుగంతస్తులు. అరవైకి దగ్గరపడిన మనిషి పరుగెత్తుతున్నాడు. నేను ఫోన్ వచ్చిందన్నట్టు చేతిలో పట్టుకుని బయటికొచ్చాను.

రెండో అంతస్తు మలుపులో ఎదురయ్యాడు. పుస్తకం రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ఊపిరందక గోడ పట్టుకున్నాడు.

"వాళ్లు వెళ్లిపోయారు పెద్దాయనా," అన్నాను. "ఫ్లైట్ టైమైందట."

"గప్పుడేనా?"

"పుస్తకం నాకివ్వండి, నేను పంపిస్తాను. మీరు పైకి వెళ్లండి, మూడు గంటల రీడింగు తీయాలి గదా."

కింద గదిలోంచి కప్పూ సాసరూ తగిలిన చప్పుడు మెట్ల మీదుగా పైకి వచ్చింది. ఆయనకు వినిపించిందో లేదో నాకు తెలియదు. అక్కడ నేను గీతే పెట్టాలి.

ఆయన అట్టను తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో అందించాడు. "పైలం సార్. ఇదొక్కటే ఉన్నది." మూడు గంటల రీడింగు తీయడానికి మళ్లీ పైకెక్కాడు.

నేను పుస్తకాన్ని నా బీరువాలో పెట్టి, తాళం వేసి, గదిలోకి వెళ్లి, "దొరకడం లేదటండీ," అన్నాను. పెద్దావిడ నిట్టూర్చి, రాసే మనిషిని మార్చుకోమన్నారు. మర్నాటి నుంచి పెద్దాయన గేటు దగ్గరికి మారాడు. "కొద్ది రోజులే," అని నేనే చెప్పాను. కొద్ది రోజులు అంటే నా లెక్కలో ఆయన రిటైరయ్యేదాకా.

గేటు దగ్గర ఆయన పని, కార్లు వచ్చినప్పుడు అడ్డకర్ర లేపడం. రోజూ పొద్దున నా కారు ఆగేది. ఆయన కిందికి వంగి అద్దంలోంచి చూసేవాడు.

"పంపించిండ్రా సార్?"

"పంపించాను. జవాబు ఇంకా రాలేదు."

"ఒస్తది తియ్యి సార్," అని అడ్డకర్ర లేపేవాడు. నాకు ధైర్యం చెప్పేవాడు.

ఫాల్గుణం దాటి ఎండ ముదరగానే ఆయన ముఖంలో కంగారు కనిపించేది. "ఎండకాలం ఒచ్చె సార్. అండ్ల ఎండకాలం అంకెలే తప్పు వోయినయ్. ఇమానాలకు ఏం గాదు గద?"

"ఏం కాదు లెండి," అని నవ్వేవాణ్ని. ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే మొదటిరోజు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆ దారం లాగితే వెనకాల అన్నీ వస్తాయి. ఒక చెయ్యి అడ్డకర్ర తాడు మీద పెట్టుకుని, ఆయన దిగే ప్రతి విమానాన్నీ చెట్ల వెనక్కి పోయేదాకా చూసేవాడు. అంతసేపూ కార్లు ఆగేవి, హారన్లు మోగేవి. స్టాఫ్ రూమ్‌లో ఆయనకు 'కంట్రోల్ టవర్' అని పేరొచ్చింది. ఇది మాత్రం నేను పెట్టిందే.

రెండేళ్ల తర్వాత అడగడం మానేశాడు. వంగి చూసి, నమస్తే సార్ అని, కర్ర లేపేవాడు. నాకు హాయిగా ఉండాలి. బీరువాలో కాగితాల కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ అట్ట తగిలేది. ఒకసారి దాన్ని కింది అరలోకి మార్చాను. అలా కొంత నయమైంది.

ఆయన రిటైరైన రోజు శాలువా కప్పి, నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచక చెట్టు కింద ఎలక్ట్రాన్ల ముచ్చటే చెప్పాను. కెమిస్ట్రీ మాస్టారు మళ్లీ నవ్వారు. పెద్దాయన శాలువా అంచుతో చేతులు తుడుచుకుంటూ నేల వంక చూశాడు.

ఫ్లెక్సీ మీద దశదినకర్మ తేదీ ఉంది. ఆ రోజు కింది అరలోంచి పుస్తకం తీసుకుని వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చేపోయే జనం. ఆయన బిడ్డ నన్ను గుర్తుపట్టింది. విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా చేస్తోందట.

"మీరు ఫిజిక్స్ సార్ గద? బాపు జెప్తుండె. మీతోని ఒక మాట అడగాలె సార్, జర లోపలికి రాండ్రి."

లోపల పెట్టె మీద నాలుగు పొడుగాటి నోటుపుస్తకాలున్నాయి. గేటు దగ్గరికి మారినప్పటి నుంచీ ఆయన సొంతానికి రాసుకున్నవి. అవే నిలువు గీతలు, అదే పెన్సిలు. తేదీ, పగటి వేడి, ఎలక్ట్రాన్. వేడి కోసం చిన్న థర్మామీటరు కొనుక్కున్నాడట. చివర ఇంకో వరస కొత్తగా చేర్చాడు: జవాబు. తేదీ, వేడి రోజూ ఉన్నాయి. మిగతా రెండు వరసల్లో ప్రతి రోజూ చిన్న గీత. పేజీ తిప్పితే గీతలు. పుస్తకం మార్చితే గీతలు.

"ఈ గీతలేంది సార్?" అంది ఆమె. "నాలుగు బుక్కుల నిండ గీతలే. అమ్మ ఏడుస్తున్నది, నా మొగునికి ఆఖరుకు మతి వోయిందా, నేను కనిపెట్టకపోతినా అని. మీరు సదువుకున్నోళ్లు, మీకేమన్న ఎర్కనా?"

వినోదంగా ఏదైనా చెప్పి బయటపడే అలవాటు నాకుంది. ఈసారి అది రాలేదు.

"మతి పోలేదమ్మా," అన్నాను. "గీత అంటే 'నేను చూడలేదు' అని ఆయన లెక్క. సున్న కాదు. లేదు అని కాదు."

"ఏం సూడలే?"

చెప్పాను. తెచ్చిన పుస్తకం ఆమె చేతిలో పెట్టి, మెట్ల మలుపు దాకా, కప్పుల చప్పుడు దాకా, బీరువా కింది అర దాకా చెప్పాను. గడపలో వాళ్లమ్మ కూర్చుని వింటోంది. మా మేడ మీది అంకెను బట్టి ఏ విమానమూ దిగదని కూడా చెప్పాను. ఆ మాట దగ్గర ఆమె పుస్తకంలోంచి తలెత్తింది.

"దిగయా సార్?"

"దిగవమ్మా. నేనే ఊరికే అన్నాను."

ఆమె పుస్తకం మూసి పెట్టె మీద పెట్టింది. "ఎండకాలం ఒస్తె బాపు పగటీలి అన్నం గూడ డాబా మీదికే తెమ్మంటుండె. ఒక్కొక్కటి దిగుతుంటె సూసుకుంట రెండు బుక్కలు తింటుండె. దూప దూప అయితుండె, కిందికి రాకపోతుండె. ఎండదెబ్బ తాకి ఒకపారి దవాఖానల గూడ ఏసినం. ఏం గాదు పెద్దాయనా, గవి నీ అంకెల మీద దిగుతలేవు అని ఒక్క మాట జెప్తె అయిపోతుండె గద సార్."

గడపలోంచి వాళ్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మతి మంచిగనే ఉండె," అంది బిడ్డతో, నాతో కాదు. "మనకే ఎర్క గాలె." తర్వాత నా వైపు తిరగకుండానే, "సార్‌ను తిని పొమ్మను," అంది.

టెంటు కింద విస్తరి ముందు కూర్చున్నాను. తిన్నాను. కూర రుచిగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆయన పద్ధతి ప్రకారం ఉన్నది రాయాలి. తింటుండగా మీది నుంచి ఒక విమానం దిగింది. తలెత్తి చూసింది నేనొక్కణ్నే. మిగతావాళ్లు అలవాటైనవాళ్లు.

పుస్తకం వాళ్ల దగ్గరే ఉంచి, ప్రతి పేజీకీ ఫోటో తీసుకున్నాను. మేడమ్ ఇప్పుడు మా ప్రిన్సిపాల్. ఆవిడకు అంతా చెబితే, చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. "ప్రాజెక్టు ముగిసి ఎన్నేళ్లయిందండీ! ఇప్పుడు మీకు మెమో ఇవ్వాల్సి వస్తుంది," అన్నారు. ఇవ్వమన్నాను. ఇచ్చారు. నా ఉద్యోగ జీవితంలో ఆక్షేపించడానికి వీల్లేని కాగితం అదొక్కటే.

ఆ పెద్దావిడ ఇంకా ఆ పనిలోనే ఉన్నారని తెలిసింది. అసలు అంకెలూ, నేను పెంచినవీ పక్కపక్కన పెట్టి, ఎవరు మార్చారో రాసి, పరిశీలకుడు అన్నచోట నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసి పంపాను. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. ఆ పేరు మొదట పడాల్సిన చోటు అది. అక్కడ పడేదాకా దాన్ని నా ముచ్చట్లలో వాడుకునే హక్కు నాకు లేదనిపించింది. ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

గేటు దగ్గర ఇప్పుడు కొత్త మనిషి. కారు అద్దం మీది స్టిక్కరు చూసి, ముఖం చూడకుండానే కర్ర లేపుతాడు. నేను మాత్రం రోజూ అద్దం దించి ఒక్క క్షణం ఆగుతున్నాను. పంపించాను, జవాబు ఇంకా రాలేదు. ఈసారి రెండూ నిజమే. అడిగే మనిషి లేడు.